చెరువు గట్టు మీంచి గెలాక్సీల వేట

టెలిస్కోప్ కొన్నవాళ్లు చాలామంది చంద్రుణ్ణి, శని వలయాల్ని, గురుడి పక్కన వరుసగా నిలబడే నాలుగు చుక్కల్ని చూసి సంబరపడతారు. ఆ ఊపులో గొట్టాన్ని గెలాక్సీ మీదికి తిప్పుతారు. నల్లటి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఎనిమిది అంగుళాల అద్దం సరిపోలేదేమో, పన్నెండు కొనాల్సిందేమో అన్న బెంగ అక్కడ మొదలవుతుంది. ఎవరైనా నాతో ఈ మాటంటే నేను అడిగేది ఒక్కటే: చోటు తప్పిందా, చూపు తప్పిందా?

టెలిస్కోప్ అసలు ఆ చోటికి తిరగకపోవడం ఒక సమస్య. సరిగ్గా ఆ చోటికే తిరిగినా వస్తువు కంటికి ఆనకపోవడం ఇంకో సమస్య. దేని మందు దానిదే. రెండూ కలిపేసుకుని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది గానీ గెలాక్సీ దొరకదు. ముందు చోటు ఖాయం చేసుకోవాలి. ఖాయమయ్యాక గొట్టాన్ని కదపకూడదు, కంటికి పని చెప్పాలి. కింద రాసిందంతా ఈ వరుసలోనే ఉంటుంది.

మాకు గోదావరి డెల్టాలో మొగల్తూరు అవతల, సముద్రానికి దగ్గర్లో రొయ్యల చెరువులున్నాయి. వనామీ వేసినవాడికి రాత్రి నిద్ర ఎటూ ఉండదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వేసుకోవాలి. ఎలాగూ మెలకువగా ఉంటున్నాం కదా అని మకాం దగ్గర ఒక ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ పెట్టుకున్నాను. ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడేదాకా వెలుగు నడిచే దూరం, 1200 మిల్లీమీటర్లు. మోటార్లూ లేవు, కంప్యూటరూ లేదు, చేత్తో నెట్టుకోవడమే. ఈ రకం స్టాండుకి పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసిగా ఉన్నాడు. చౌక సామానుతో టెలిస్కోపులు చేసి రోడ్డు మీద వెళ్లేవాళ్లని ఆపి మరీ చూపించేవాడు. మీ దగ్గర ఆరు అంగుళాలది ఉన్నా ఇక్కడ చెప్పినవాటిలో చాలావరకు చూడొచ్చు, కాకపోతే ఇంకాస్త చీకటి కావాలి.

ఐపీసులు, అంటే కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు గొట్టాలు, రెండుంటే చాలు. 25 మిల్లీమీటర్లది పెడితే నాకు 48 రెట్లు వస్తుంది, ఆకాశంలో ఒక డిగ్రీ పైచిలుకు కనిపిస్తుంది. వెతకడానికి అది. 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు, చిక్కినదాన్ని తీరిగ్గా చూడటానికి ఇది. డబ్బులు మిగిలితే ఇంకో ఐపీస్ కొనొద్దు, మంచి ఫైండర్ కొనండి, పెద్ద గొట్టం మీద బిగించుకుని చోటు వెతకడానికి వాడే చిన్న టెలిస్కోప్ అది. 50 మిల్లీమీటర్ల అద్దంతో, మెడ విరుచుకోకుండా పక్కనుంచి చూసేలా, బొమ్మని తిరగెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు చూపించే రకం దొరుకుతుంది. దాన్ని పగలే సరిచేసుకోండి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొనని పెద్ద టెలిస్కోప్ మధ్యలోకి తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి అందులోనూ అదే మధ్యకి వచ్చేలా చెయ్యాలి. సూర్యుడున్న వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, కన్ను పోతుంది. ఈ పని చెయ్యకుండా రాత్రి మొదలుపెట్టినవాళ్లకి సగం కష్టం ఇక్కడే.

రాత్రి ఎంచుకోవడానికి గోడమీది తెలుగు క్యాలెండర్‌ని మించింది లేదు. బహుళ సప్తమి దాటితే చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి గానీ రాడు. అక్కణ్ణుంచి అమావాస్య మీదుగా శుద్ధ తదియ దాకా సాయంత్రాలు మనవే. కానీ అమావాస్యలన్నీ ఒకటి కాదు. దీపావళి అమావాస్య బాణసంచా పొగలో పోతుంది. పుష్య అమావాస్య, అదే చొల్లంగి అమావాస్య, చీకటి బాగానే ఉంటుంది గానీ అర్ధరాత్రి దాటితే మంచు దిగుతుంది. మన డెల్టాలో గెలాక్సీలకి అన్నిటికంటే మంచి రాత్రి ఉగాది ముందు రోజు. అది ఫాల్గుణ అమావాస్య, మార్చి మధ్యకీ ఏప్రిల్ మధ్యకీ నడుమ వస్తుంది. పొగమంచు తగ్గి ఉంటుంది, దాళ్వా కోతలు ఇంకా ఊపందుకోవు కాబట్టి గడ్డి తగలబెట్టిన పొగా ఉండదు. పైగా ఆ వేళకి పాలపుంత పక్కకి తప్పుకుని, గెలాక్సీలు ఎక్కువగా ఉండే సింహ, కన్య రాశులు నడినెత్తికి వస్తాయి. ప్రపంచమంతటా ఔత్సాహికులు మెస్సియే అనే ఫ్రెంచి ఆయన పేరు మీదున్న మసక వస్తువుల జాబితాలోని 110 వస్తువుల్నీ ఒకే రాత్రి చూసెయ్యాలని పందెం కట్టుకునేది కూడా మార్చి చివరి అమావాస్య చుట్టుపక్కలే. నాకు ఆ పరుగు మీద మోజు లేదు. ఒక్కొక్కదానికి అరగంట ఇస్తేనే అది ఏమిటో తెలుస్తుంది.

నవంబరులో మరో అవకాశం ఉంది. వాయుగుండం దాటిపోయి, ఉత్తరగాలి తిరిగిన రాత్రి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. చెరువుకి ఏం నష్టం జరిగిందోనన్న టెన్షన్ తీరిన తర్వాత సంగతి అనుకోండి.

చోటు విషయంలో మనకి కొబ్బరి తోటలు, గాలిలో తేమ, లైట్లు అడ్డు. తోట మధ్యలో ఇల్లున్నవాళ్లకి నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. కాలువ గట్టు, చెరువు గట్టు, కోత అయిపోయిన చేను, సముద్రపు ఒడ్డు చూసుకోండి. దక్షిణం వైపు ఊరు లేకుండా ఉంటే చాలు. మా వైపు దక్షిణాన సరుగుడు తోటలు, ఆ తర్వాత బంగాళాఖాతమే. గ్యాస్ బావుల మంట ఉన్న దిక్కుని ఆ రాత్రికి వదిలెయ్యండి, దానితో పోరాడి లాభం లేదు. వీధి లైటు ఒక్కటే అడ్డమైతే గోడ నీడలోకి జరిగితే సరిపోతుంది. ఊరంతా కరెంటు పోయిన రాత్రి ఇంట్లోవాళ్లు విసనకర్రలు వెతుక్కుంటుంటే నేను గొట్టం మూత తీస్తాను.

చీకటి సరిపోయిందో లేదో పుష్యమిని చూసి తేల్చుకోండి. పునర్వసు జంట చుక్కలకీ మఖకీ మధ్యలో, ఏమీ లేనట్టుండే చోట, ఒక మసక మచ్చ మామూలు కంటికి కనిపించాలి. అది నిజానికి నక్షత్రాల గుంపు, మెస్సియే జాబితాలో 44వది. ఆ మచ్చ కనిపిస్తే గెలాక్సీల పనికి ఆకాశం బాగున్నట్టే. కనపడకపోతే ఆ రాత్రికి మృగశిర కింది నెబ్యులా, అదే ఆ వెలిగే వాయుమేఘం, చూసుకుని పడుకోండి.

రొయ్యల రైతులకి రెండు మాటలు ప్రత్యేకంగా చెప్పాలి. ఏరియేటర్ రెక్కలు చిమ్మే తుంపర గాలిలో చాలా దూరం వస్తుంది. అది ఉప్పునీరు, అద్దం మీది అల్యూమినియం పూతని తినేస్తుంది. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని టెలిస్కోప్‌ని ఏరియేటర్లకి ఎగువన పెట్టండి. జనరేటర్ పక్కన అసలు వద్దు, నేల అదిరి చుక్కలు నిలవవు. ఇక గట్టు మీద కట్లపాము భయం ఉండనే ఉంది. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో కర్ర లేకుండా దిగకండి.

ఇక చోటు పట్టుకోవడం. మొదటిసారి చూసేవాళ్లకి నేను సింహరాశిలోని జంట గెలాక్సీలు చెబుతాను, మెస్సియే 65, 66. ఉగాది ముందు రాత్రి తొమ్మిదింటికి తూర్పుకేసి తల ఎత్తితే కొడవలి ఆకారంలో కొన్ని చుక్కలు, ఆ కొడవలి పిడి చివర మెరిసే మఖ కనిపిస్తాయి. దానికి తూర్పున మూడు చుక్కల త్రికోణం. త్రికోణంలో తూర్పు కొన ఉత్తర (ఉత్తర ఫల్గుణి) నక్షత్రం, మిగిలిన రెండూ పుబ్బ. పుబ్బలోని రెండిట్లో దక్షిణం వైపున్నది పట్టుకోండి. దానికి ఐదు డిగ్రీలు దక్షిణంగా, కాస్త తూర్పుకి ఒరిగి ఇంకో చిన్న చుక్క ఉంటుంది. చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు సుమారు ఐదు డిగ్రీలు. ఈ రెండు చుక్కలకీ దాదాపు సరిగ్గా మధ్యలో ఉన్నాయి మన గెలాక్సీలు. ఫైండర్‌లో ఆ రెండు చుక్కల్నీ చెరో అంచున నిలబెడితే, నడుమన ఏమీ కనపడని చోటే మీకు కావలసిన చోటు.

ఇక్కడే చాలామంది ఐపీస్‌లోకి తొంగి చూసి, లేదనుకుని, గొట్టం కదిపేస్తారు. ఆగండి. చోటు ఖాయమైందని రుజువు కావాలి. పుబ్బ దక్షిణపు చుక్క నుంచి రెండు డిగ్రీలు దక్షిణానికి దిగితే 73 లియోనిస్ అనే చుక్క వస్తుంది. అది మామూలు కంటికి లీలగా, ఫైండర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని 25 మిల్లీమీటర్ల ఐపీస్ మధ్యకి తెచ్చి, అక్కణ్ణుంచి తూర్పుకి ముప్పావు డిగ్రీ జరిగితే మెస్సియే 65 వచ్చినట్టే, ఇంకో మూడో వంతు డిగ్రీకి 66. ముప్పావు డిగ్రీ అంటే ఎంతో మీ ఐపీస్‌తో మీరే కొలుచుకోండి. మృగశిర వైపు వరుసగా కనిపించే మూడు చుక్కల్లో పడమటి చివరిది ఖగోళ మధ్యరేఖకి, అంటే భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి, ఆనుకుని ఉంది. దాన్ని ఐపీస్ ఒక అంచున పెట్టి గొట్టం వదిలేసి, నడిమధ్య మీదుగా రెండో అంచు దాటడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ లెక్క. నా 25 మిల్లీమీటర్లదానికి నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దాకా పడుతుంది.

ఐపీస్‌లో తూర్పు ఎటో తెలియక తికమకపడేవాళ్లకి కూడా ఇదే కిటుకు. గొట్టం ముట్టుకోకుండా వదిలేస్తే చుక్కలు ఏ అంచు నుంచి బయటికి పోతున్నాయో అది పడమర. గొట్టాన్ని ధ్రువుడి వైపు ఒక్క పిసరు నెడితే కొత్త చుక్కలు ఏ అంచు నుంచి లోపలికి వస్తాయో అది ఉత్తరం. నా డాబ్సోనియన్ లాంటి రెండద్దాల న్యూటోనియన్‌లో బొమ్మ తలకిందులవుతుంది గానీ కుడి ఎడమలు తారుమారు కావు. అందుకే పటం కాగితాన్ని సగం చుట్టు తిప్పి పట్టుకుంటే ఐపీస్‌లోని చుక్కలతో సరిపోతుంది. లెన్సుల టెలిస్కోప్‌కి పక్కనుంచి చూసే వంపు గొట్టం పెట్టుకున్నవాళ్లకి మాత్రం అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారతాయి, పటాన్ని స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లోనే తిప్పేసి కాగితం మీద తీసుకోండి. స్టెల్లేరియం ఉచితం, మన ఊరు పెట్టుకుంటే ఆ రాత్రి ఆకాశం ఇట్టే చూపిస్తుంది. కానీ టెలిస్కోప్ దగ్గర ఫోన్ తెరవొద్దు. రాత్రి మోడ్‌లో ఎర్రగా మారినా ఆ వెలుగు ఎక్కువే.

వస్తువు సరిగ్గా నడినెత్తికి వచ్చినప్పుడు డాబ్సోనియన్‌తో వెతకడం నరకం. గొట్టం నిట్టనిలువుగా ఉంటే పక్కకి నెట్టడానికి పట్టు దొరకదు. మన దగ్గర సింహరాశి గెలాక్సీలు సరిగ్గా నెత్తి మీదికే వస్తాయి, మార్చి చివర్లో రాత్రి పదకొండు ప్రాంతంలో. అందుకే తొమ్మిదిన్నరకల్లా పట్టేసుకోండి, లేదా అర్ధరాత్రి దాటే దాకా ఆగండి.

చోటు ఖాయమైంది. ఇప్పుడు చూపు.

కంటికి చీకటి అలవాటు కావడానికి కనీసం అరగంట. ఒక్కసారి తెల్ల టార్చి పడితే మళ్లీ అరగంట. నాకు మధ్యలో చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందో లేదో చూడాల్సి వస్తుంది, దానికి ఎర్ర వెలుగు చాలదు. అందుకని చూసే కంటికి నల్లగుడ్డ కట్టుకుని రెండో కంటితో ఆ పని కానిస్తాను. గట్టు మీద ఆ అవతారం చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. మిగతా వెలుగుకి టార్చి మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం మూడు నాలుగు పొరలు చుట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యండి.

ఇక అసలు సంగతి. మసక వస్తువుని తిన్నగా చూడకూడదు. కంటి వెనక తెర మధ్యలో రంగుల్ని పసిగట్టే కణాలే ఉంటాయి, వాటికి వెలుగు దండిగా కావాలి. మసక వెలుగుని పట్టే కణాలు మధ్యకి దూరంగా, చుట్టూ ఉంటాయి. అందుకని చూపుని వస్తువు మీద నుంచి పక్కకి జరిపి, ధ్యాస మాత్రం దాని మీదే ఉంచాలి. ఎటు జరపాలన్నది కూడా ఉంది. ప్రతి కంటికీ బయటి వైపున అసలేమీ కనపడని చిన్న గుడ్డి చోటు ఉంటుంది. కుడికంటితో చూస్తుంటే చూపుని కుడికి జరపండి, అప్పుడు వస్తువు ముక్కు వైపున పడుతుంది, గుడ్డి చోటు నుంచి తప్పుకుంటుంది. ఎడమ కన్నయితే ఎడమకి.

మకాం దగ్గర మేత వేసే కుర్రాడికి ఇది నేర్పిన రాత్రి ఇలా జరిగింది.

"ఏం లేదు బాబాయ్, నల్లగా ఉందంతే."

"మధ్యలోకి చూడకు. కుడిపక్క అంచున చుక్క ఉంది చూడు, దాన్ని చూస్తూ ఉండు."

"ఆయ్, చూస్తున్నా."

"చూస్తూనే ఎడమపక్క ఏమన్నా ఉందేమో కనిపెట్టు. కన్ను తిప్పకు."

కాసేపు మాట లేదు. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టాను. కదిలే వస్తువుని కన్ను తొందరగా పడుతుంది, ఆగి ఉన్న మసక మచ్చ నేపథ్యంలో కలిసిపోతుంది.

"ఓర్నాయనో! అద్దం మీద ఊపిరి ఊదినట్టుంది. రెండున్నాయి బాబాయ్, రెండు!"

"కన్ను దాని మీదికి తిప్పు."

"పోయింది!"

"మళ్లీ పక్కకి చూడు."

"వచ్చింది. ఏంటి బాబాయ్ ఇది, దాక్కుంటుందేంటి?"

ఆ వెలుగు బయల్దేరి సుమారు మూడున్నర కోట్ల సంవత్సరాలైందని చెబితే, మేత బకెట్ పక్కన పెట్టేసి మళ్లీ కూర్చున్నాడు.

చూసేటప్పుడు నిలబడొద్దు. స్టూలు మీద కూర్చుంటే కాళ్లు, మెడ గోల మర్చిపోతాం, అదనంగా ఇంకో మసక గీత కంటికి ఆనుతుంది. ఊపిరి బిగబట్టొద్దు, ఆక్సిజన్ తగ్గితే ముందు మసకబారేది కన్నే. రొయ్యలకైనా మనకైనా ఒకటే లెక్క. తల మీంచి నల్ల తువ్వాలు కప్పుకుంటే పక్కలనుంచి వచ్చే వెలుగంతా ఆగిపోతుంది, దానికి అర్ధరూపాయి ఖర్చు లేదు.

గెలాక్సీ దొరికిన తర్వాత ఐపీస్ మార్చి పెంచి చూడండి. పెంచితే ఇంకా మసకబారుతుందని చాలామందికి భయం. నిజమే, గెలాక్సీ మసకబారుతుంది, దాంతోపాటు ఆకాశపు బూడిద వెలుగూ అంతే తగ్గుతుంది. రెండిటి మధ్య తేడా అలాగే ఉండి వస్తువు పెద్దదవుతుంది. పెద్ద మసక మచ్చని కన్ను చిన్న మసక మచ్చ కంటే తేలిగ్గా పడుతుంది. మెస్సియే 65, 66 నాకు 48 రెట్లలో రెండు మచ్చలు. 120 రెట్లలో ఒకటి సన్నగా, రెండోది మధ్యలో గట్టిగా, అంచుల్లో వంకరగా ఉన్న తేడా తెలుస్తుంది. వాటికి అర డిగ్రీ పైచిలుకు ఉత్తరాన మూడోది ఉంది, ఎన్‌జీసీ 3628, అంటే ఎన్‌జీసీ అనే ఇంకో పెద్ద జాబితాలో ఆ అంకెది. అది పొడుగ్గా, చాలా పలచగా ఉంటుంది. చీకటి బాగున్న రాత్రి మళ్లీ 25 మిల్లీమీటర్లది పెట్టి ముగ్గుర్నీ ఒకే చట్రంలో చూడండి.

పుస్తకంలో రాసిన మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) అంకెని చూసి మోసపోకండి. మెస్సియే 33 అంకె 5.7, మెస్సియే 82 అంకె 8.4. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ కాబట్టి లెక్క ప్రకారం 33 పన్నెండు రెట్లు వెలుగైనది. కానీ ఆ వెలుగంతా ఒక డిగ్రీకి పైగా పరుచుకుని ఉంది. 82 చిన్న గీత, వెలుగంతా అక్కడే కూడుకుని ఉంది. డెల్టా ఆకాశంలో 82 సులువుగా దొరుకుతుంది, 33 ఏడిపిస్తుంది. వస్తువు సైజు కూడా చూసి వెళ్లండి. 82 పక్కనే 81 ఉంటుంది, రెండూ ఒకే చట్రంలో పడతాయి. కాకపోతే అవి సప్తర్షుల అవతల ఉత్తరాన, మనకి ఎంత పైకొచ్చినా 37 డిగ్రీలే.

అందుకే ఉత్తరాది దేశాల పుస్తకాల జాబితా పట్టుకుని ఇక్కడ వెతకడం నాకు నచ్చదు. మనం 16 డిగ్రీల అక్షాంశం మీద, దక్షిణాన సముద్రం పెట్టుకుని ఉన్నాం. లండన్‌లో ఎప్పటికీ దిగంతం పైకి రానివి మనకి కంటి ముందు ఉన్నాయి.

ఉదాహరణకి సెంటారస్ ఏ అనే గెలాక్సీ. మార్చి చివర్లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి, ఏప్రిల్ చివర్లో పదకొండుకి తిన్నగా దక్షిణానికి తిరగండి. దిగంతం నుంచి 26 డిగ్రీల ఎత్తులో, మామూలు కంటికే అలుక్కుపోయిన చుక్క ఒకటి కనిపించాలి. అది ఒమేగా సెంటారీ, లక్షల నక్షత్రాల గుండ్రటి ముద్ద. కనపడకపోతే ఫైండర్‌లో తప్పకుండా కనిపిస్తుంది. 48 రెట్లలో దాన్ని చూశాక కొత్తవాళ్లని అక్కణ్ణుంచి లేపడం కష్టం. అది దక్షిణాన మధ్యలో నిలబడిన వేళకి, గొట్టాన్ని పక్కకి కదపకుండా నాలుగున్నర డిగ్రీలు పైకి ఎత్తండి. సెంటారస్ ఏ గెలాక్సీ అక్కడే ఉంటుంది. గుండ్రటి మచ్చ, దాన్ని రెండు ముక్కలు చేస్తూ మధ్యలో నల్లటి ధూళి పట్టీ. ఆ పట్టీ కనపడాలంటే గాలిలో తేమ తక్కువుండాలి, పక్కచూపు కావాలి. సుమారు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాల దూరం. స్కాట్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లిన జేమ్స్ డన్‌లప్ 1826లో దీన్ని మొదట నమోదు చేశాడు.

అదే కాలంలో కెరీనా నెబ్యులా మనకి దిగంతం మీద 14 డిగ్రీలు కూడా ఎక్కదు. మార్చి చివర్లో పదిన్నరకి, ఏప్రిల్ చివర్లో ఎనిమిదిన్నరకి దక్షిణాన నడుమకి వస్తుంది. దానికోసం గట్టు సరిపోదు. పేరుపాలెం ఒడ్డుకో అంతర్వేది ఒడ్డుకో పోవాలి, సరుగుడు చెట్లు దాటి ఇసుకలో నిలబడాలి. మాఘమాసంలో కల్యాణం జరిగే రోజుల్లో అంతర్వేది వైపు వెళ్లకండి, ఆ లైట్లలో ఏమీ మిగలదు.

చిత్త నక్షత్రానికి తిన్నగా పడమరన 11 డిగ్రీల దూరంలో మెస్సియే 104 ఉంటుంది. హస్త చుక్కల నాలుగు మూలల్లో ఈశాన్యపు చుక్క నుంచి ఐదున్నర డిగ్రీలు పైకి, కొంచెం తూర్పుకి వెళ్లినా వస్తుంది. చిన్నది, గట్టిది, నగర శివారులో కూడా దొరుకుతుంది. కన్యరాశి గుంపు సంగతి వేరు. ఉత్తర నక్షత్రానికీ, కన్యలో విండెమియాట్రిక్స్ అనే చుక్కకీ సరిగ్గా నడుమ మెస్సియే 84, 86 ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఎటు తిప్పినా గెలాక్సీలే, దేనిపేరు ఏదో తెలియక తల తిరుగుతుంది. అందుకని మొదటి ఏడాది అక్కడికి వెళ్లొద్దంటాను. వెళ్తే మాత్రం మెస్సియే 87ని చూడండి. 2019లో కృష్ణబిలం ఫొటో అని పేపర్లన్నీ వేసింది దాని నడిబొడ్డుదే. మనకి కనిపించేది ఒక గుండ్రటి మసక.

కార్తీకంలో రాత్రి తొమ్మిదికి ఉత్తరాన ఆండ్రోమెడా గెలాక్సీ, దక్షిణాన ఎన్‌జీసీ 253 ఒకే వేళకి నడిమికి వస్తాయి. ఆండ్రోమెడా గురించి అందరూ రాశారు, నేను రాయను. రెండోది మెరిసే చుక్కలు పెద్దగా లేని పేద ఆకాశంలో ఉన్నా దారి సులువు: తిమింగలం రాశిలో అన్నిటికంటే వెలిగే చుక్క డిఫ్డా నుంచి తిన్నగా ఏడు డిగ్రీల పైచిలుకు కిందికి. పొడవాటి వెలుగు గీత, అర డిగ్రీకి కొంచెం తక్కువ. కెరొలైన్ హెర్షెల్ 1783లో తోకచుక్కల కోసం వెతుకుతూ దీన్ని పట్టుకుంది.

నెబ్యులాలకి ఒక్క ఫిల్టర్ కొనొచ్చు, ఓ-త్రీ గానీ యూహెచ్‌సీ గానీ. వేడెక్కిన ఆక్సిజన్ విడిచే 500.7 నానోమీటర్ల పచ్చటి వెలుగుని పోనిచ్చి, మిగతాదాన్ని చాలావరకు ఆపేస్తాయి. ఆశ్వయుజంలో హంస రాశి పైకొచ్చినప్పుడు 52 సిగ్నీ చుక్క మీద పెట్టి ఓ-త్రీ తగిలిస్తే, అంతకుముందు ఏమీ లేని చోట వెయిల్ నెబ్యులా సన్నటి దారంలా పాకుతుంది. గెలాక్సీలకి ఇది పనికిరాదు. గెలాక్సీ వెలుగు నక్షత్రాల వెలుగు, అందులో అన్ని రంగులూ ఉంటాయి, ఫిల్టర్ పెడితే అదీ ఆగిపోతుంది. కృత్తికల చుట్టూ ఉండే మసకకీ పనికిరాదు.

చివరగా తేమ. మన దగ్గర టెలిస్కోప్‌ని చంపేది ఇదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పది దాటితే ముందు ఫైండర్ అద్దం, తర్వాత ఐపీస్, ఆ తర్వాత గొట్టం పై కొసన ఉండే చిన్న అద్దం మంచు పట్టేస్తాయి. అడుగునున్న పెద్ద అద్దానికి గొట్టమే కాపలా. యోగా మ్యాట్ ముక్క కోసి గొట్టం మూతికి చుట్టి, అడుగున్నర ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టండి, ఫైండర్‌కి కూడా అలాంటిదే చిన్నది. వాడని ఐపీస్ జేబులో ఉంచుకోండి, ఒంటి వేడికి మంచు పట్టదు. మంచు పట్టిన అద్దాన్ని తువ్వాలుతో తుడవొద్దు, గీతలు పడతాయి. దోమల క్రీము రాసుకున్న చేత్తో ఐపీస్ ముట్టుకోవద్దు.

పని అయ్యాక తడిమీద మూతలు బిగించకండి. ఇంట్లో ఫ్యాను కింద మూతలు తీసి, గొట్టం మూతి కిందికి వాల్చి ఆరనివ్వండి. ఆరకుండా మూసేస్తే వానాకాలం వచ్చేసరికి లెన్సుల మీద బూజు తీగలు పాకుతాయి, అవి ఒకసారి పాకితే మచ్చ పోదు. ఐపీసులు, ఫిల్టర్లు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచితో పాటు పెట్టండి. రంగు మారే నీలం గింజలు కొనుక్కుంటే మంచిది. అవి గులాబీ రంగుకి తిరిగితే తేమ నిండిపోయినట్టు. పనికిరాని పాత పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ రంగు మందు కడుపులోకి వెళ్లకూడదు కాబట్టి ఆ పెనాన్ని వంటింట్లోకి తిరిగి తేకండి.